లెచ్చీనోనా, ఎఫ్‌ఎస్-17నా: జైలెల్లా తగిలిన నేలకు ఆలివ్ మొక్కల సమీక్ష

దక్షిణ ఇటలీలోని పూల్యాలో, ముఖ్యంగా కొసన ఉన్న సలేంతో జిల్లాల్లో, ఆలివ్ మొక్క నాటాలనుకునే రైతుకు ఎంచుకోడానికి పెద్దగా ఏమీ లేదు. 2013 అక్టోబరులో గల్లీపోలి చుట్టుపక్కల తోటల్లో జైలెల్లా ఫాస్టిడియోసా అనే బ్యాక్టీరియా బయటపడింది. అప్పటి నుంచి అక్కడి పాత రకాలు ఒల్యరోలా సలెంతీనా, చెల్లీనా ది నర్దో వందల ఏళ్ల మానులతో సహా ఎండిపోతూ వచ్చాయి. తెగులు స్థిరపడిన ప్రాంతంలో మళ్లీ నాటడానికి మొదట అనుమతి వచ్చింది రెండు రకాలకే: లెచ్చీనో, ఎఫ్‌ఎస్-17. ఆ తర్వాత లెచ్చానా, లెచ్చో దెల్ కోర్నో కూడా చేరాయి. నర్సరీలో ఈ మొక్కలు కొంటే డబ్బుకు తగ్గ పని చేస్తాయా, ఏ నేలకు ఏది నప్పుతుంది, పక్కన అమ్మే పిచికారీ మందులకు ఎంత విలువ ఇవ్వాలి అన్నదే ఈ సమీక్ష.

ముందే ఒక మాట. వీటిలో ఏదీ జబ్బు రాని మొక్క కాదు. అన్నిటికీ బ్యాక్టీరియా సోకుతుంది. తేడా అల్లా, సోకాక చెట్టు ఏం చేస్తుందన్నదే. ఇది తెలియకుండా కొన్నవాళ్లే నాలుగో ఏట ఒక కొమ్మ ఎండగానే మోసపోయామని గోల పెడతారు.

జైలెల్లా బతికేది దారునాళాల్లో, అంటే వేళ్ల నుంచి ఆకులకు నీళ్లు మోసే సన్నటి గొట్టాల్లో. అక్కడ గోడకు అంటుకుని, జిగురు పొర కట్టుకుని, గుంపులుగా పెరుగుతుంది. డ్రిప్ లేటరల్ లోపల పాకుడు పట్టి చివరి చెట్లకు నీళ్లు అందనట్టే, కొమ్మ చివరి ఆకులకు ముందు నీళ్లు తగ్గుతాయి. ఆకు కొన నుంచి మాడుతుంది, తర్వాత రెమ్మ, ఆపైన కొమ్మ. కానీ గొట్టాలను మూసేది బ్యాక్టీరియా ఒక్కటే అనుకుంటే పొరపాటు. శత్రువు పాకకుండా ఆపడానికి చెట్టు కూడా పక్క కణాల నుంచి బుడగల్లాంటి ముద్దలను, బంకను గొట్టంలోకి తోసి అడ్డుకట్ట వేస్తుంది. ఒకటీ అరా గొట్టం మూస్తే అది రక్షణే. వరసపెట్టి మూసుకుపోతే చెట్టు తన చేతులతో తానే దాహం తెచ్చుకున్నట్టు. తట్టుకోలేని రకాల్లో జరిగేది ఎక్కువగా ఇదే. సోకిన ఒల్యరోలాలో కరువు వచ్చినప్పుడు పనిచేసే జన్యువులు గట్టిగా మేలుకోవడం పరిశోధనల్లో కనబడింది. పక్కనే నీళ్లున్నా చెట్టు కరువులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది.

లెచ్చీనో కథ వేరు. బారీలోని జాతీయ పరిశోధన మండలి సీఎన్ఆర్ శాస్త్రవేత్తలు, ఇతరులు 2016 నుంచి ఈ రకాన్ని ఒల్యరోలా పక్కన పెట్టి పరీక్షిస్తూ వచ్చారు. ఒకే తోటలో, బ్యాక్టీరియాను మోసే పురుగు తాకిడి ఒకేలా ఉన్నా లెచ్చీనో లోపల బ్యాక్టీరియా సంఖ్య సుమారు వంద రెట్లు తక్కువగా తేలింది. దీనికి ఒకే ఒక్క కారణం లేదు. కణం పైపొరలో కాపలా కాసే గ్రాహక ప్రోటీన్ల జన్యువులు లెచ్చీనోలో చురుగ్గా స్పందిస్తాయి, అంటే చొరబాటును ముందే పసిగడుతుంది. దారునాళాలు పుట్టుకతోనే సన్నం. సన్నటి గొట్టంలో గాలి బుడగ చేరి నీటి ధార తెగిపోయే ప్రమాదం తక్కువ. సోకాక కలపలో లిగ్నిన్ పేరుకుని గోడలు గట్టిపడతాయి. ఆకుల్లో కాల్షియం, మాంగనీసు కూడా పాత రకాల కంటే ఎక్కువ ఉన్నట్టు కొలిచారు. ఇదంతా కలిసి మూసుకుపోయిన గొట్టాల సంఖ్యను తక్కువగా ఉంచుతుంది, చెట్టు పచ్చగా నిలబడుతుంది.

ఆకుకు ఇంకో పాత ఆయుధం ఉంది, అది అన్ని ఆలివ్ రకాలకూ ఉమ్మడి. ఆలివ్ ఆకు నమిలితే నాలుక మీద నిలిచే చేదు ఒలియురోపీన్‌ది. మామూలుగా ఇది కణంలో ఒక అరలో, దాన్ని విడగొట్టే ఎంజైము వేరే అరలో ఉంటాయి. పురుగు కొరికినా, గీత పడినా రెండూ కలిసి ప్రోటీన్లను ముద్దకట్టించే పదార్థం పుడుతుంది. నమిలే పురుగుల మీద ఇది బాగా పనిచేస్తుంది. జైలెల్లా మాత్రం ఆకు కణాలను చీల్చుకుని రాదు. పురుగు ముక్కు ద్వారా నేరుగా గొట్టంలో దిగుతుంది. అందుకే ఇంత చేదున్న చెట్టు కూడా ఇంత తేలిగ్గా పడిపోయింది.

ఇక మొక్కల సంగతి.

లెచ్చీనో టస్కనీ వైపు పాత రకం. చలిని తట్టుకుంటుంది, ఆకుమచ్చ తెగులుకూ ఆలివ్ గడ్డ తెగులుకూ బాగానే నిలబడుతుంది. బలంగా పెరుగుతుంది కాబట్టి 6×6 మీటర్ల దూరం ఇవ్వాలి. అంటే హెక్టారుకు 277, మన లెక్కలో ఎకరాకు 112 మొక్కలు. ఇంతకంటే దగ్గర పెడితే ఎనిమిదో ఏటికి కొమ్మలు కలుసుకుని కింద నీడ పడుతుంది, కత్తిరింపుల ఖర్చు పెరుగుతుంది. కాయ త్వరగా, దాదాపు ఒకేసారి నల్లబడుతుంది. కోతకు ఇది సుఖమే గానీ వారం పది రోజులు ఆలస్యం చేస్తే నూనె వాసన పడిపోతుంది. నూనె మృదువు, ఘాటు తక్కువ. కొరతీనా అనే రకం నూనె గొంతులో రాజేసే మంట కోరేవాళ్లకు ఇది చప్పగా అనిపిస్తుంది, నిలవ కూడా అంతగా ఉండదు.

లెచ్చీనోతో అసలు తలనొప్పి పరాగం. దాని పుప్పొడి దానికే పనికిరాదు. మామూలు నేలల్లో పెందొలీనో, ఫ్రాంతోయో, మౌరీనో వంటివి మధ్యమధ్య పెడతారు. సలేంతోలో ఆ వెసులుబాటు లేదు, అనుమతి ఉన్న రకాల్లోంచే జోడీ వెతకాలి. రెండు రకాలు కొంటున్నప్పుడు వాటి పూత ఒకే సమయంలో వస్తుందా, పుప్పొడి పొంతన కుదురుతుందా అని నర్సరీ వాళ్లతో కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా ‘ఏం ఫరవాలేదు, గాలికి వచ్చేస్తుంది’ అంటే నమ్మకండి. చుట్టూ పదేసి కిలోమీటర్లు ఎండిపోయిన తోటలున్నచోట గాలి ఏ పుప్పొడి తెస్తుంది? పూత విరగబూసి కాయ రాలిపోతే చాలామంది జైలెల్లా మీదకు తోసేస్తారు, చాలాసార్లు కారణం మాత్రం ఇదే.

ఎఫ్‌ఎస్-17కు వాడుకలో ఫావొలోజా అని పేరు. సీఎన్ఆర్ వాళ్లు ఫ్రాంతోయో గింజ మొక్కల్లోంచి ఏరి పేటెంటు చేయించిన రకం. ఎదుగుదల తక్కువ, కాపు త్వరగా, దగ్గర దగ్గరగా పెట్టుకోవచ్చు. 5×5 మీటర్లకు ఎకరాకు 160 పైచిలుకు పడతాయి, యంత్రంతో కోసే వరసల పద్ధతిలో ఇంకా ఎక్కువ. జైలెల్లాను తట్టుకోవడంలో లెచ్చీనోకు తీసిపోదు. కాగితం మీద చూస్తే అన్నిటా ఇదే ముందు. నేలలోకి దిగాక తిరకాసు నీళ్ల దగ్గర వస్తుంది. వేసవిలో తడి లేకపోతే ఈ మొక్క ముడుచుకుపోతుంది. సలేంతోలో బోరు నీళ్లలో సముద్రపు ఉప్పు కలిసిన చోట్లు తక్కువేం కాదు. ఉప్పు నీళ్లు పెడితే ఆకు కొనలు మాడతాయి, అది చూసి తెగులని భయపడి ప్రయోగశాలకు పరిగెత్తాల్సి వస్తుంది. ఇంతకీ ముఖ్యమైన విషయం: ఈ రకాల రక్షణ అంతా నీటి ధార ఆగకుండా ఉండటం మీదే నిలబడింది. దాహంతో ఉన్న చెట్టుకు ఆ రక్షణే ముందు సడలుతుంది.

కాబట్టి డ్రిప్, మంచి నీళ్లు ఉన్నవాళ్లకు ఎఫ్‌ఎస్-17. వర్షాధారంగా, రాళ్ల నేలలో చేసేవాళ్లకు లెచ్చీనో. ఈ రెండో మాటను అమ్మేవాళ్లు గట్టిగా చెప్పరు, ఎందుకంటే ఎఫ్‌ఎస్-17 మొక్క ధర ఎక్కువ, పైగా ఎకరాకు ఎక్కువ మొక్కలు పోతాయి.

లెచ్చానా బారీ విశ్వవిద్యాలయం, అగ్రొమిల్లోరా నర్సరీ కలిసి ఆర్బొసానా, లెచ్చీనోలను సంకరపరచి తీసిన రకం. కంచెలా పెంచి పైనుంచి యంత్రం నడిపి కోసే పెద్ద తోటలకు తప్ప చిన్న రైతుకు దీని అవసరం లేదు. లెచ్చో దెల్ కోర్నో గురించి రాయడానికి సరిపడా సలేంతో పంట అనుభవం ఇంకా పోగుపడలేదు.

కొనేటప్పుడు చూడాల్సిన మొదటిది మొక్క కాదు, దానికి కట్టిన చీటీ. ఐరోపా యూనియన్‌లో ఆలివ్ మొక్క మొక్కల పాస్‌పోర్టు లేకుండా అమ్మడానికి వీల్లేదు. చీటీ ఎడమ మూలన యూనియన్ జెండా, కుడివైపు పాస్‌పోర్టు అన్న మాట, కింద నాలుగు వరసలు ఉంటాయి. ‘ఏ’ వరసలో శాస్త్రీయ నామం, ‘బీ’లో నర్సరీ నమోదు సంఖ్య, ‘సీ’లో ఆ విడత మొక్కల ఆనవాలు, ‘డీ’లో పుట్టిన దేశం. ‘సీ’ వరస ఖాళీగా ఉన్నా, ట్రే మొత్తానికి ఒకే చీటీ కట్టి లోపల వేర్వేరు సైజుల మొక్కలు కనబడినా వెనక్కి పంపండి. కాఫీ, గన్నేరు, బాదం, పాలిగాలా, ఒక రకం లావెండరుతో పాటు ఆలివ్ కూడా జైలెల్లాకు బాగా లొంగే జాబితాలో ఉంది. అలాంటి మొక్కలు పెంచే నర్సరీలో ఏటా తనిఖీ, నమూనా పరీక్ష జరిగి ఉండాలి. ఆ పరీక్ష కాగితం నకలు అడగండి. ఇటలీకి ఈ తెగులు మధ్య అమెరికా నుంచి వచ్చిన అలంకరణ కాఫీ మొక్కలతోనే వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా కూడా.

రెండోది, సొంత వేరు మొక్కా, అంటు మొక్కా? రెమ్మ నుంచి వేరు పుట్టించినదైతే కింద పిలక వచ్చినా అదే రకం. గింజ మొక్క మీద అంటు కట్టినదైతే అంటు కింద నుంచి లేచే పిలకలకు ప్రతిఘటన ఉంటుందన్న భరోసా లేదు. వాటిని వదిలేస్తే తోటలోనే బ్యాక్టీరియాకు ఇల్లు కట్టినట్టు. ఈ నేలకు సొంత వేరు మొక్కే మేలు. మూడోది, కుండీ లోంచి మొక్కను పైకి లాగి చూడండి. వేళ్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే అది కుండీలో మరీ ఎక్కువ కాలం ఉన్న సరుకు. నాటాక మూడేళ్లయినా పట్టు దొరకదు, గాలికి ఊగుతుంది, వేసవిలో ముందు వాడేది అదే. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు, పెన్సిల్ మందం కాండం, తెల్లటి వేరు కొనలు ఉన్నది తీసుకుంటే సరి. రెండేళ్లు దాటిన పెద్ద మొక్కకు అదనంగా పెట్టే డబ్బు దండగ.

నాటడం అక్టోబరు, నవంబరులో, లేదా చలి తగ్గాక ఫిబ్రవరి ఆఖరులో. వేరు మొదలు నేల మట్టానికి సమంగా ఉండాలి, లోతుగా పాతితే కాండం కుళ్లుతుంది. టమాటా, వంగ వేసిన నేలైతే ముందు ఆలోచించుకోండి. అక్కడ వెర్టిసిలియం శిలీంధ్రం మట్టిలో ఉండిపోతుంది. అదీ దారునాళాల తెగులే, అదీ కొమ్మలు ఎండబెడుతుంది, కానీ జైలెల్లాను ఆపే గుణం దానికి పనిచేయదు.

మొక్క ఎంత మంచిదైనా పురుగును వదిలేస్తే డబ్బు నీళ్లపాలే. జైలెల్లాను మోసేది ఫిలీనస్ స్పుమారియస్ అనే నురుగు పురుగు. వసంతంలో దీని పిల్లలు కలుపు మొక్కల మొదళ్ల దగ్గర ఉమ్మి లాంటి నురుగు కట్టుకుని దాని మాటున రసం పీలుస్తుంటాయి. ఆ దశలో రెక్కలుండవు, ఎక్కడికీ పోలేవు. మార్చి, ఏప్రిల్ నెలల్లో లోతు లేకుండా దున్నడమో, కలుపు నేలకంటా కోయడమో చేస్తే అవి ఎండి చస్తాయి. ఇదే పని మే నెలకు వాయిదా వేస్తే ఫలితం తిరగబడుతుంది: రెక్కలొచ్చిన పురుగులను కలుపు మీద నుంచి లేపి మనమే ఆలివ్ కొమ్మల మీదకు తోలినట్టవుతుంది. పిల్ల పురుగుకు బ్యాక్టీరియా అంటినా కుబుసం విడిచినప్పుడు పోతుంది. పెద్ద పురుగుకు అంటితే చచ్చేదాకా ఉంటుంది. ఆ పెద్ద పురుగుల మీదే ఆలివ్‌కు అనుమతి ఉన్న ఎసిటామిప్రిడ్ గానీ డెల్టామెత్రిన్ గానీ చీటీ మీది మోతాదుతో కొట్టాలి. అదీ పూత దశ తప్పించి, తేనెటీగలు తిరగని వేళలో.

ఇక పిచికారీలు. డెంటామెట్ అనేది సిట్రిక్ ఆమ్లంతో కట్టిన జింకు, రాగి మిశ్రమం, జింకు 4 శాతం, రాగి 2 శాతం. మందుగా కాదు, ఎరువుగా నమోదైన సరుకు ఇది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి చెట్టు తల మొత్తం తడిసేలా కొట్టిన తోటల్లో ఎండిన కొమ్మలు తగ్గాయి, బ్యాక్టీరియా సంఖ్య కూడా తగ్గిందని పరీక్షల్లో తేలింది. జింకు దారునాళాల దాకా చేరినట్టు కూడా చూశారు. కానీ బ్యాక్టీరియా పూర్తిగా పోలేదు, ఆపితే మళ్లీ మొదలు. సగానికి పైగా పచ్చగా ఉన్న పాత మానును కాపాడుకోవాలనుకునేవాళ్లకు ఇది ఖర్చుకు తగ్గదే. సగం పైన ఎండిపోయిన చెట్టు మీద వృథా. కొత్తగా నాటిన లెచ్చీనో మీద ఏటా ఏడుసార్లు కొట్టడం అవసరానికి మించిన పని. దగ్గు మందుల్లో వాడే ఎసిటైల్ సిస్టీన్‌ను కూడా ప్రయత్నించారు. జిగురు పొరను వదులు చేస్తుంది, లక్షణాలు నెమ్మదిస్తాయి, అంతకుమించి ఏం లేదు. ‘చెట్టు రోగనిరోధక శక్తి పెంచే టానిక్’ అంటూ లోపల ఏముందో చెప్పని సీసాలకు మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

పాత మాను మీద లెచ్చీనో కొమ్మలు అంటుకట్టే సేవ కూడా దొరుకుతోంది. శతాబ్దాల చెట్టును పోగొట్టుకోలేనివాళ్లకు ఆశ పుట్టించే పద్ధతే. అయితే కాండం, వేళ్లు పాత రకానివే, అక్కడ నాళాలు మూసుకుపోతే పైనున్న లెచ్చీనో ఏం చేయగలదు? మొదట్లో, కాండం ఇంకా ఆరోగ్యంగా ఉన్నప్పుడు కడితే కొన్ని నిలుస్తాయి. బెరడు ఎండటం మొదలైన మాను మీద డబ్బు పెట్టకండి. కట్టించాక కింద లేచే పాత రకం చిగుళ్లను కనీసం రెండు నెలలకోసారి గిల్లేయాలి.

గడ్డ తెగులు వేరే బ్యాక్టీరియా పని, సూడోమోనాస్ సవస్తనోయ్. ఇది గాయాల నుంచి దూరి, చెట్టు ఎదుగుదల హార్మోన్లను తానే తయారుచేసి కొమ్మలపై బొడిపెలు పుట్టిస్తుంది. ఇక్కడ చెట్టు చేయగల రక్షణ గాయం త్వరగా మాన్చుకోవడమే. కాబట్టి తడి రోజుల్లో కత్తిరించకండి. చెట్టు చెట్టుకూ కత్తెర బ్లేడును 10 శాతం బ్లీచింగ్ ద్రావణంలో ముంచండి. వడగళ్లు పడితే ఒకటి రెండు రోజుల్లోపే రాగి మందు కొట్టండి. యూనియన్ నిబంధన ప్రకారం 7 ఏళ్లలో హెక్టారుకు మొత్తం 28 కిలోల లోహపు రాగి దాటకూడదు, సగటున ఎకరాకు ఏడాదికి 1.6 కిలోలు. ఈ తెగులు విషయంలో లెచ్చీనో మిగతా చాలా రకాల కంటే నయం, అది అదనపు లాభం.

నాటిన మూడో ఏట నుంచి పరీక్ష చేయించేటప్పుడు ఒక చిక్కు ఉంది. లెచ్చీనోలో బ్యాక్టీరియా వంద రెట్లు తక్కువంటే క్యూపీసీఆర్‌లో, అంటే బ్యాక్టీరియా డీఎన్‌ఏను సైకిలుకోసారి రెట్టింపు చేస్తూ లెక్కించే పరీక్షలో, ఫలితం ఆరేడు సైకిళ్లు ఆలస్యంగా వస్తుంది. ఒకే రెమ్మ తీసి పంపితే లేదన్న జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. చెట్టు నాలుగు దిక్కుల నుంచి ముదురు రెమ్మలు తీయండి, లేత చిగుళ్లు కాదు. ప్రయోగశాలలో ఆకు కాడలు, నడిమి ఈనెలే వాడతారు. కాబట్టి ఆకులు రాలిపోకుండా సంచిలో పెట్టి చల్లగా పంపాలి.

మన దగ్గర ఆలివ్ తోటలంటే రాజస్థాన్‌లో 2007 తర్వాత ఇజ్రాయెల్ సాయంతో పెట్టినవే చెప్పుకోదగ్గవి. కోస్తా వేడిలో కుండీలో పెంచితే ఆకులు బాగుంటాయి, శీతాకాలపు చలి చాలక పూత రాదు. అయినా ఇటలీ నుంచి సూట్‌కేసులో రెమ్మ తెచ్చుకోవాలని చూసే బంధువులు ఉంటారు. వాళ్లను ఆపండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, మొక్కకు తెగులు లేదని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోసానిటరీ సర్టిఫికెట్ రెండూ లేకుండా నాటే సరుకు తేకూడదు. బ్రెజిల్‌లో 1987లో బత్తాయి జాతి తోటల్లో బయటపడ్డ ఆకు మచ్చల తెగులుకు కారణం ఇదే జైలెల్లా, ఇదే ఉపజాతి. పూల్యాలో ఉన్న రకం నారింజ జాతి చెట్లలో పాకలేదని పరీక్షల్లో తేలింది గానీ, సూట్‌కేసులో వచ్చిన రెమ్మలో ఏ రకం ఉందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. నల్లగొండ, అనంతపురం బత్తాయి తోటలకు ఆ ముప్పు కొనితేవడం ఎందుకు? నూనె సీసాకు, ఊరబెట్టిన కాయల డబ్బాకు ఈ గొడవ లేదు.